కోరిక చాలక కాదు, పోస్టులు చాలక

లైబ్రరీ మేడమ్ జవాబులు

క్రిందటి సంచికలో ఒక జవాబు చివర, వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు చదివి మనసు పాడుచేసుకోవద్దని ఒక్క వాక్యం రాశాను. ఈ శీర్షిక మొదలైనప్పటి నుంచి ఏ విషయానికీ రానన్ని ఉత్తరాలు ఆ ఒక్క వాక్యానికి వచ్చాయి. అందుకని ఈసారి మిగతావన్నీ పక్కనపెట్టి వీటికే జవాబులు ఇస్తున్నాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం నా సంగతి: శ్రీకాకుళం జిల్లా శాఖా గ్రంథాలయాల్లో 31 ఏళ్ళు పనిచేసి రిటైరయ్యాను. నరసన్నపేట, టెక్కలి, పాలకొండ, చివరికి శ్రీకాకుళం. పుస్తకాలకి నంబర్లు వేసే డ్యూయీ పద్ధతిలో ఈ రకం పుస్తకాలది 158. నేను ఏ ఊళ్ళో పనిచేసినా ఆ అర నా టేబులుకి ఎదురుగానే ఉండేది. ఎక్కువగా బయటికి వెళ్ళేవీ, ఎక్కువగా చిరిగేవీ అవే మరి.

ప్రశ్న: మేడమ్ గారూ, నాకు 31 ఏళ్ళు. 2018లో, 2025లో డీఎస్సీ రాశాను. రెండుసార్లూ కొద్దిలో పోయింది. గట్టిగా కోరుకుంటే ఏదైనా వచ్చి తీరుతుందని ఒక పుస్తకంలో చదివి, రోజూ 55 సార్లు ‘నేను ప్రభుత్వ ఉపాధ్యాయుణ్ణి’ అని రాశాను. తొమ్మిది నోటుబుక్కులు నిండాయి. అయినా రాలేదంటే నా కోరికలో బలం లేదా? ఇంకేటి చెయ్యాలి?
(ఒక పాఠకుడు, రాజాం)

జవాబు: బాబూ, నా కొడుకు వయసువాడివి కాబట్టి నువ్వు అనే అంటాను. నీ కోరికలో ఏ లోపమూ లేదు. ఒకసారి ఇద్దరం లెక్క చూద్దాం. 2025 మెగా డీఎస్సీలో రాష్ట్రం మొత్తానికి ఉన్నవి 16,347 పోస్టులు. పోటీపడినవాళ్ళు మూడు లక్షల పైనే. ఆ మూడు లక్షల మందీ తలా తొమ్మిది నోటుబుక్కులు నింపారనుకో. అందరూ కళ్ళు మూసుకుని, బోర్డు ముందు సుద్దముక్క పట్టుకుని నిలబడినట్టు ఊహించుకున్నారనుకో. అప్పుడు కూడా పోస్టులు 16,347. ఒక్కటి పెరగదు. అందులోంచి నీ జిల్లా, నీ సబ్జెక్టు, నీ కేటగిరీ విడదీస్తే ఎన్ని మిగులుతాయో నాకంటే నీకే బాగా తెలుసు. నీకు పోయింది కోరిక చాలక కాదు, పోస్టులు చాలక. 2018 తర్వాత మళ్ళీ పెద్ద డీఎస్సీ జరిగింది 2025లోనే. ఆ మధ్య ఏళ్ళలో నువ్వు ఎంత కోరుకున్నా రాయడానికి పరీక్షే లేదు కదా.

ఈ పుస్తకాల మీద నా కోపమంతా ఇక్కడే. ఉద్యోగం వస్తే పుస్తకం గొప్పదంటారు. రాకపోతే నీ నమ్మకం తక్కువంటారు. రెండు పక్కలా పుస్తకానికే గెలుపు. ఓడిపోయేది చదివినవాడు.

టెక్కలిలో ఉండగా ఇంటర్ తప్పిన ఒక అమ్మాయి రోజూ మధ్యాహ్నం వచ్చి పేపరు తిరగేసి వెళ్ళేది. చిన్నబోయిన ఆ మొహం చూడలేక 158 అరలోంచి నేనే ఒక పుస్తకం తీసి చేతిలో పెట్టాను. వారం తిరక్కుండానే తెచ్చి ఇచ్చేసింది. ఎలా ఉందమ్మా అని అడిగితే, ‘దీని ప్రకారం తప్పంతా నాదే మేడమ్’ అంది. రిజిస్టరులో సంతకం పెడుతుంటే అప్పుడు చూశాను ఆ వేళ్ళు. చివర్లు నల్లగా కమిలి, చర్మం పొరలు పొరలుగా లేచిపోయి ఉంది. జీడిపిక్కలు ఒలిచే పనికి వెళ్ళే చేతులు అలాగే ఉంటాయి, పెంకులోని నూనె కాల్చేస్తుంది. పరీక్షల నెలంతా ఆ పిల్ల పనికి వెళ్ళిందట. ఆ సంగతి ఆ పుస్తకం రాసినాయనకి ఎలా తెలుస్తుంది? ఎదురుగా ఉండి కూడా అడగకుండా ఇచ్చింది నేను. ఆ రోజు నుంచి ఆ అరలోంచి నా అంతట నేను తీసి ఎవరికీ ఇవ్వలేదు.

నువ్వు రాసిన వాక్యం సంగతి కూడా చెప్తాను. కెనడాలోని వాటర్‌లూ విశ్వవిద్యాలయంలో జోఆన్ వుడ్ అనే ప్రొఫెసరు, ఆమె తోటివాళ్ళు ఇలాంటిదే పరీక్షించి 2009లో ప్రచురించారు. ‘నేను ప్రేమించదగిన మనిషిని’ అని కొందరి చేత మళ్ళీ మళ్ళీ అనిపించారు. తమ మీద తమకి అంతకుముందే నమ్మకం ఉన్నవాళ్ళకి కాస్త బాగానే అనిపించింది. ఆ నమ్మకం తక్కువగా ఉన్నవాళ్ళకి మాత్రం, అసలు ఆ మాట అనకుండా ఉన్నవాళ్ళకంటే ఎక్కువ దిగులేసింది. అది మనకి అర్థంకాని సంగతేమీ కాదు. ‘ఉపాధ్యాయుణ్ణి’ అని చెయ్యి రాస్తుంటే, ‘ఇంకా కాలేదుగా’ అని లోపల్నుంచి ఒక గొంతు అంటుంది. రోజుకి 55 సార్లు అది కూడా వింటున్నావు నువ్వు.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తాను. రెండు పరీక్షల్లోనూ ఏ భాగంలో ఎన్ని మార్కులు పోయాయో ఒక కాగితం మీద వేసుకో. తొమ్మిది నోటుబుక్కుల కష్టం చెయ్యలేని పని ఆ ఒక్క కాగితం చేస్తుంది. పోయినసారి ఉద్యోగం వచ్చినవాణ్ణి ఒకణ్ణి పట్టుకుని ఏ పుస్తకం చదివాడో, ఎన్ని పాత పేపర్లు చేశాడో అడుగు. రాజాంలోనే దొరుకుతాడు. అమ్మానాన్నలతో కూర్చుని, ఇంకా ఎన్నాళ్ళు రాయాలో ఒక గడువు మాట్లాడుకో. ఆ గడువు దాకా ఇంటి ఖర్చుకి ఏం చేస్తావో కూడా అప్పుడే తేల్చుకో. నోటుబుక్కుల్లో మిగిలిన తెల్లకాగితాల మీద లెక్కలు చేసుకో.

ప్రశ్న: తెల్లవారుజామున అయిదింటికి లేచినవాళ్ళే జీవితంలో పైకొస్తారని మా ఆయన ఒక పుస్తకం చదివారు. నెల రోజులుగా లేస్తున్నారు. డాబా మీద ఇరవై నిమిషాలు ధ్యానం, ఇరవై నిమిషాలు డైరీ. మధ్యలో టీ కావాలి, కింద గిన్నెల చప్పుడు వినపడకూడదు. నేను పెళ్ళయిన దగ్గర్నుంచి నాలుగున్నరకే లేస్తున్నాను, పంతొమ్మిదేళ్ళయింది. మరి నేనెందుకు పైకి రాలేదు?
(ఒక గృహిణి, బొబ్బిలి)

జవాబు: చెల్లీ, మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వొచ్చింది, రెండోసారి కళ్ళు చెమర్చాయి, మూడోసారి కోపం వచ్చింది. ఆ కోపం మీ ఆయన మీద కాదు. ఆ పుస్తకాల్లో ఉండే ఉదయాల మీద. అందులో పొద్దున్నే కుళాయి రాదు, పిండి పొంగి గిన్నె దాటదు, పిల్లాడి స్కూలు బెల్టు కనపడకుండా పోదు. అయిదు నుంచి ఆరు దాకా ఆ మనిషికి తీరిక ఎక్కడినుంచి వచ్చిందో, ఆ గంటసేపు ఇల్లు ఎవరు మోశారో ఒక్క ముక్క ఉండదు. తొందరగా లేవడం వల్లే మనుషులు పైకొచ్చేటట్టయితే మన రైతుబజార్లలో కూరగాయలు తెచ్చే ఆడవాళ్ళందరికీ మేడలుండాలి.

మీ ఆయన లేవడం మంచిదే. లేచినాయన కిందికి రావాలి. టీ ఆయన్నే పెట్టమనండి, మీకూ ఒక గ్లాసు ఇమ్మనండి. పాలు పొంగిపోకుండా కాయడం కూడా మనసుని ఒక్కచోట నిలిపే పనే. ఆ నలభై నిమిషాల డాబా రోజు విడిచి రోజు మీది. మీరు ధ్యానమే చెయ్యక్కర్లేదు, ఊరికే కూర్చోండి. ఈ జవాబు ఆయనకి చూపించండి, నేనేమీ అనుకోను.

ప్రశ్న: 21 రోజులు వరసగా చేస్తే ఏదైనా అలవాటైపోతుందని చదివి నాగావళి గట్టున నడక మొదలుపెట్టాను. తొమ్మిదో రోజున వాన, ఇంకోసారి పద్నాలుగో రోజున పెళ్ళి. తప్పినప్పుడల్లా మళ్ళీ ఒకటి నుంచి లెక్కపెడుతున్నాను. ఇది ఆరోసారి.
(ఒక పాఠకుడు, శ్రీకాకుళం)

జవాబు: లెక్క మానేయండి, నడక మానకండి. ఆ 21 మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన పుస్తకంలోంచి వచ్చింది. ఆపరేషన్ అయినవాళ్ళు అద్దంలో కొత్త మొహానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించి రాశారు. మీ కాళ్ళకీ దానికీ సంబంధం లేదు. తర్వాత లండన్‌లో ఫిలిపా లాలీ బృందం 96 మందిని గమనించింది. కొత్త పని అలవాటుగా మారడానికి సగటున 66 రోజులు పట్టింది. మనిషికీ మనిషికీ 18 నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన చెప్పుకోదగ్గ నష్టమేమీ లేదని కూడా వాళ్ళే చూశారు. కాబట్టి మీరు ఆరుసార్లు ఓడిపోలేదు, ఆరుసార్లూ నడుస్తూనే ఉన్నారు. వానొస్తే ఇంట్లో ఉండండి. పెళ్ళికి వెళ్ళి భోజనం చేసి రండి.

ప్రశ్న: మా పాపకి పదేళ్ళు, వయొలిన్ నేర్పిస్తున్నాను. ఏ విద్యలోనైనా పదివేల గంటలు సాధన చేస్తే మేటి అవుతారని చదివి, రోజుకి మూడు గంటలు, తొమ్మిదేళ్ళు అని గోడమీద చార్టు పెట్టాను. ఇప్పటికి 640 గంటలయ్యాయి. ఈమధ్య వయొలిన్ పెట్టె చూస్తేనే ఏడుస్తోంది. మనసు ఎలా మళ్ళించాలి?
(ఒక తండ్రి, విజయనగరం)

జవాబు: అయ్యా, ముందు ఆ చార్టు తీసేయండి. ఈ పేజీ చదవడం పూర్తికాకముందే తీసేసినా సంతోషమే.

పదివేల సంగతి వయొలిన్ నుంచే పుట్టింది కాబట్టి మీకు తెలియాలి. అండర్స్ ఎరిక్సన్, మరో ఇద్దరు కలిసి బెర్లిన్‌లోని ఒక సంగీత విద్యాలయంలో వయొలిన్ విద్యార్థుల్ని పరిశీలించి 1993లో ఆ వ్యాసం వేశారు. అందరికంటే బాగా వాయించేవాళ్ళు ఇరవై ఏళ్ళు వచ్చేసరికి చేసిన సాధన సగటున పదివేల గంటలు. సగటు అంటే అంతకి తక్కువ చేసినవాళ్ళు కూడా వాళ్ళలో చాలామంది ఉన్నారని. 2008లో వచ్చిన ఒక పుస్తకం దాన్ని సూత్రంగా మార్చేసింది. తాము కనిపెట్టింది అది కాదని ఎరిక్సనే తర్వాత చెప్పారు. గురువు దగ్గరుండి తప్పు చూపించి దిద్దే సాధన గురించి ఆయన మాట్లాడితే, జనానికి గంటలే మిగిలాయి. ఇంకొకటి కూడా ఆ వ్యాసంలోనే ఉంది: బాగా వాయించేవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువ నిద్రపోయేవాళ్ళు, మధ్యాహ్నం కునుకు తీసేవాళ్ళు. ఆ నిద్రకి చార్టు పెట్టమని ఏ పుస్తకమూ చెప్పలేదు.

మీరుండేది విజయనగరంలో. 1919లో సంగీత కళాశాల పెట్టి, ఆదిభట్ల నారాయణదాసుగారిని ప్రిన్సిపాల్‌గా కూర్చోబెట్టిన ఊరు. ద్వారం వెంకటస్వామినాయుడుగారు వయొలిన్ నేర్పిన ఊరు. ఒకసారి పనిమీద వచ్చినప్పుడు ఆ కాలేజీ వరండాలో కాసేపు నిలబడ్డాను. లోపల ఒక గురువుగారు చిన్నపిల్ల చేత ఒకే స్వరాల వరస మళ్ళీ మళ్ళీ వాయింపిస్తున్నారు. తప్పు వచ్చినప్పుడల్లా ఆయన ఏమీ అనడం లేదు, తను ఒకసారి పాడి వినిపిస్తున్నారు, అంతే. ఏడోసారో ఎనిమిదోసారో అది సరిగ్గా పలికింది. ‘చాలమ్మా, ఇంటికెళ్ళు’ అన్నారు. గడియారం వంక చూడలేదు. ఆ పిల్ల మెట్లు దిగుతూ కూడా అదే కూనిరాగం తీసుకుంటూ వెళ్ళింది.

పాపని పది రోజులు వదిలేయండి. సాయంత్రం ఎక్కడైనా కచేరీ ఉంటే తీసుకెళ్ళండి, బాగుందా అని కూడా అడగొద్దు. ఎంతసేపు వాయించాలో గురువుకి వదిలేయండి. పాప మళ్ళీ పెట్టె తెరవకపోతే అప్పుడు ఏం చెయ్యాలంటారా? వయొలిన్ రాని పిల్ల కూడా మీ కూతురే.

ప్రశ్న: తిత్లీ తుపానులో మా కొబ్బరి, జీడితోట మొత్తం పోయింది. నేను వేసిన కొత్త మొక్కలు ఇప్పుడు కాపుకొస్తున్నాయి, నాన్న మాత్రం అటు వెళ్ళరు. రాత్రి గాలి గట్టిగా వీస్తే లేచి కూర్చుంటారు, తెల్లారేదాకా పడుకోరు. బంధువులు సానుకూల దృక్పథం మీద ఒక పుస్తకం తెచ్చి ఇచ్చారు. రోజూ నాలుగు పేజీలు నేనే చదివి వినిపిస్తున్నాను. ఆయన వింటారు, ఏమీ మాట్లాడరు.
(ఒక కొడుకు, పలాస దగ్గరి పల్లె)

జవాబు: నాయనా, ఆ పుస్తకం తెచ్చినవాళ్ళది చెడ్డ మనసు కాదు. చదువుతున్న నీది అంతకన్నా కాదు. అయినా రేపటి నుంచి చదవకు.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున ఉద్దానంలో ఏం జరిగిందో నేను తర్వాతి వారం కళ్ళారా చూశాను. రోడ్డుకి రెండు పక్కలా కొబ్బరిచెట్లు ఒకే దిక్కుకి తలలు పెట్టి పడుకుని ఉన్నాయి. ఒక ముసలాయన తన చెట్టు మొదట్లో పైకి లేచిన వేళ్ళ మీద మట్టి కప్పుతున్నాడు. చెట్టు పడిపోయింది, మళ్ళీ నిలబడదు, ఆ సంగతి ఆయనకీ తెలుసు. అయినా మట్టి తెచ్చి కప్పుతూనే ఉన్నాడు. చెట్టంత కొడుకు అని మనవాళ్ళు ఊరికే అనరు. కొబ్బరి కాపుకి రావడానికి ఆరేడేళ్ళు కావాలి. అరవై దాటినవాడు ఆ లెక్క వేసుకుని గుండె జారితే, అది ఆలోచనలో వచ్చిన తప్పు కాదు. నిజంగా పోయినదాని కోసం పడే దుఃఖం. అన్నీ మంచికే అని ఆయన ఎదురుగా చదివితే, నీ చెట్లకోసం నువ్వు ఏడవడం కూడా తప్పే అని చెప్పినట్టవుతుంది. ఆయన ఎందుకు మాట్లాడరో నాకు అర్థమవుతోంది.

చదివే ఆ పావుగంటా నువ్వు అడుగు, ఆయన చెప్తారు. ఏ చెట్టు ఎప్పుడు నాటారు, మొక్క ఎక్కడినుంచి తెచ్చారు, ఏది ఎక్కువ కాసేది, ఏ చెట్టు నీళ్ళు తియ్యగా ఉండేవి. అడిగితే బాధ పెరుగుతుందని భయపడకు. బాధ ఎలాగూ అక్కడే ఉంది, ఒంటరిగా ఉంది.

అన్నిటికంటే ముఖ్యమైనది ఇది. ఇన్నేళ్ళయినా గాలి వీస్తే నిద్ర లేకపోవడం డాక్టరు చూడాల్సిన విషయం, దాచుకోవాల్సినది కాదు. శ్రీకాకుళం పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీకి తీసుకెళ్ళు. వెళ్ళేలోపు 14416కి ఫోన్ చెయ్యి. అది ప్రభుత్వం నడిపే టెలి మానస్, ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడతారు. బీపీకి మందు వాడినట్టే దీనికీ వాడతారని నాన్నకి చెప్పు. ఆసుపత్రికి వెళ్ళొచ్చాక నాకు మళ్ళీ రాయి. పత్రికలో వెయ్యను, నేను తెలుసుకోవాలని అడుగుతున్నాను.

ప్రశ్న: మీ వాక్యం చదివాక నా దగ్గరున్న 22 వ్యక్తిత్వ వికాసం పుస్తకాలు మా ఊరి గ్రంథాలయానికి ఇచ్చేద్దామనుకుంటున్నాను. తీసుకుంటారా? అసలు ఇలాంటివి ఏవీ చదవొద్దంటారా?
(ఒక పాఠకురాలు, నరసన్నపేట)

జవాబు: చదవొద్దని నేను అనను. ఒక పని గురించి ఆ పని చేసినవాళ్ళు రాసిన పుస్తకం ఏదైనా మంచిదే. కుట్టుపని పుస్తకం చూసి జాకెట్టు కుట్టినవాళ్ళు, వ్యాకరణం చదివి ఉత్తరం రాయడం నేర్చుకున్నవాళ్ళు నాకు ఎంతమందో తెలుసు. జీవితం మొత్తానికి ఒకే మందు ఇచ్చే పుస్తకం దగ్గరే నాకు పేచీ. ఆ 158 అరలో పుస్తకాలన్నీ ఒకేలా నలిగేవి. మొదటి ముప్ఫై పేజీలు వేళ్ళ మరకలతో నల్లగా, అక్కడక్కడా గీతలతో ఉంటాయి. తర్వాతివి కొత్త కాగితంలా తెల్లగా, కొన్ని ఇంకా అంటుకునే ఉంటాయి. వాటిని తెరిచి విడదీసింది చాలాసార్లు నేనే.

పుస్తకాలు తీసుకుంటారు, వెళ్ళి ఇవ్వండి. ఇచ్చేముందు ఒక పని చెయ్యండి. ప్రతి పుస్తకం లోపలి అట్ట మీద, మీరు ఇందులోది ఏం చేసి చూశారో, ఏది కుదిరిందో, ఏది కుదరలేదో రెండు లైన్లు రాయండి. పాలకొండలో ఉండగా ఒక పుస్తకం తిరిగొస్తే పేజీలు చూస్తున్నాను. ‘రోజూ అద్దంలో చూసి నవ్వుకోండి’ అని ఉన్నచోట మార్జిన్‌లో పెన్సిల్‌తో ‘నాకు నవ్వు రాలేదు’ అని ఉంది. దాని కింద వేరే చేతిరాతతో, ‘నాకూ’ అని ఉంది. ఇంకా కింద, బాల్‌పెన్నుతో, ‘మా ఇంట్లో అద్దం పగిలింది’ అని. ముగ్గురూ ఎవరో నాకు తెలీదు, వాళ్ళు ఒకరికొకరు అసలే తెలీదు. గ్రంథాలయం పుస్తకంలో రాతలు కనపడితే చెరపడం మా పని, రబ్బరు ఎప్పుడూ సొరుగులోనే ఉండేది. ఆ పేజీ చెరపకుండా అరలో పెట్టేశాను. తర్వాత ఆ పుస్తకం ఎవరు తీసుకున్నా, తిరిగొచ్చినప్పుడు ముందు ఆ పేజీయే చూసేదాన్ని.

మీరు మాత్రం పెన్సిల్‌తోనే రాయండి. కింద ఇంకొకరు రాసుకోవడానికి చోటు వదలండి.